ట్రెవర్ వెనక మూడడుగులు

కార్మెల్ చీటీ రాసి తల్లి చేతిలో పెట్టింది. పొడుగు రొట్టె ఒకటి, పాలసీసా ఒకటి, అరపౌను వెన్న, బట్టల సబ్బు. చిన్నపిల్లని దుకాణానికి పంపేటప్పుడు రాసినట్టు అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా రాసింది.

"చీటీ చూపించు, సంచీ చాపు, వచ్చెయ్యి. నోరు తెరవకు. థాంక్స్ కూడా అనకమ్మా, నీ థాంక్స్‌లో ఐర్లండులోని మీ మాయో జిల్లా అంతా వినిపిస్తుంది. పదకొండుకల్లా లోపలికొచ్చి తలుపేసుకో. పన్నెండుకి శవం ఎత్తుతారట."

డీలియా తలూపింది. పదకొండు రోజులుగా గడప దాటితే ఆమె మాట్లాడుతున్నది తలకాయతోనే. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే వేలు చూపిస్తుంది. మాంసం కొట్టులో అయితే ముక్క మీద వేలు పెడుతుంది. "ఏం తల్లీ, గొంతు పోయిందా?" అని కొట్టతను జాలిగా అడిగితే గొంతు పట్టుకుని అవునన్నట్టు మొహం పెడుతుంది. నలభై రెండేళ్ళ ఆడమనిషి, ఏ తప్పూ చెయ్యనిది, మూగదానిలా నటించాల్సి రావడం ఎవరికి సిగ్గుచేటో మీరే చెప్పండి.

ఆ నవంబరులో, 1974లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నడిబొడ్డున పబ్బుల్లో బాంబులు పేలాయి. ఒక పూట సరదాగా తాగి కబుర్లు చెప్పుకుందామని వెళ్ళిన జనం చచ్చిపోయారు, అందులో సగం మంది పిల్లకాయలు. పెట్టింది ఐర్లండు వాళ్ళని తెల్లారేసరికి ఊరంతా అనేసింది. అంతే, ఊళ్ళో ఐరిష్ యాస ఉన్న ప్రతివాడూ ఆ బాంబు తన జేబులోంచి తీసి పెట్టినట్టే అయింది. ఐరిష్ క్లబ్బు అద్దాలు పగిలాయి. పక్క వీధిలో లీటర్ల కొద్దీ తెల్ల రంగు తెచ్చి ఒక ముసలాయన తలుపు మీద పొమ్మని రాశారు. ఆయన ఆ ఊరి రోడ్లు తవ్వి తవ్వి నడుం విరగ్గొట్టుకున్నవాడు.

నోరు కట్టేసుకోవడం డీలియాకి కొత్త కాదు లెండి. పందొమ్మిదేళ్ళప్పుడు, 1952లో, అట్టపెట్టె ఒకటి తాడుతో కట్టుకుని ఈ ఊళ్ళో రైలు దిగింది. గది కోసం నాలుగు రోజులు తిరిగింది. కొన్ని కిటికీల్లో అట్టముక్కలు ఉండేవి: నల్లవాళ్ళు వద్దు, ఐరిష్ వాళ్ళు వద్దు, కుక్కలు వద్దు. అవి నయం, ముందే చెప్పేసేవి. గది ఉందని మాత్రమే రాసి ఉన్న కిటికీలే ఆమె ప్రాణం తీశాయి. తలుపు తెరిచిన ఆవిడ నవ్వుతూనే తెరిచేది. "గది చూద్దామని వచ్చానండీ" అనగానే ఆ నవ్వు మడిచి లోపల పెట్టేసుకునేది. "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశాం తల్లీ" అనేది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి చూస్తే అట్టముక్క కిటికీలో ఎక్కడిది అక్కడే ఉండేది. చివరికి ఐర్లండులోని గోల్వే నుంచి వచ్చిన ఒకావిడ ఇంట్లో సగం మంచం దొరికింది. పగలు ఆ మంచం మీద ఇంకో అమ్మాయి పడుకునేది, రాత్రి బేకరీలో పని చేసేది కాబట్టి.

తర్వాత మాటీతో పెళ్ళయింది. అతను రోడ్ల మీద గొట్టాలు వేసే పనిలో ఉండేవాడు. కార్మెల్ కడుపులో ఉండగా మోర్టిమర్ వీధిలో చిన్న ఇల్లు దొరికింది. సామాను దింపుతుంటే వీధిలో పరదాలు కదిలాయిగానీ ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మర్నాడు పొద్దున పెరటి గోడ మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి. వెళ్ళి చూస్తే అవతలి పెరట్లో బొగ్గుల పార పట్టుకుని ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది, చంకలో రెండేళ్ళ పిల్లాడు.

"కెటిల్ పెట్టాను. తాగుతావా, మీ దేశంలో అలవాటు లేదా?" అంది హిల్డా పార్జిటర్.

"మా దేశంలో చంటిపిల్లలు కూడా తాగుతారు. నీ టీ ఎలా ఉంటుందో చూడాలి మరి," అంది డీలియా.

ఆ రోజు నుంచి ఆ రెండు దెబ్బలే వాళ్ళ పిలుపు. పద్దెనిమిదేళ్ళు ఆ గోడ మీద ఇటుక పెళ్ళలు ఊడిపోయేలా కొట్టుకున్నారు. హిల్డా దుకాణంలో పనికి వెళ్ళేది కాబట్టి బడి వదిలాక ఆ పిల్లాడు, ట్రెవర్, డీలియా వంటింట్లోనే ఉండేవాడు. ఆమె కాల్చిన సోడా రొట్టె మీద వెన్న దట్టంగా రాయకపోతే ఊరుకునేవాడు కాదు. కార్మెల్‌కి లెక్కలు చెప్పిందీ, సైకిలు నేర్పిందీ వాడే. మా ఇద్దరికీ చెరో ఒకటిన్నర పిల్లలు, ఆ సగం ఎవరిదో తేలలేదు అని హిల్డా నవ్వేది.

ట్రెవర్‌కి ఏడేళ్ళప్పుడు హిల్డా భర్త గుండె ఆగి పోయాడు. ఆ వీధి వాళ్ళు పరదాలు దించుకుని, మర్యాదగా ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ పద్ధతి అది, కష్టంలో ఉన్నవాళ్ళని కదపకూడదనుకుంటారు. డీలియాకి అది అర్థం కాదు. ఆమె పుట్టిన చోట ఒక ఇంట్లో చావు జరిగితే తలుపు తీసే ఉంటుంది, ఊరు ఊరంతా లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుని ఒకే మాట అంటుంది: "నీ కష్టానికి నాకూ కష్టంగా ఉంది." కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు. పగవాడైనా అదే మాట, పసిపిల్లైనా అదే మాట. ఆ మాట అనకపోతే చచ్చినవాళ్ళకీ బతికున్నవాళ్ళకీ కూడా అపచారం చేసినట్టే. డీలియా తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళి, హిల్డా చెయ్యి పట్టుకుని ఆ మాట అని, పొయ్యి దగ్గరికి వెళ్ళి టీ పెట్టింది. ఇంగ్లీషు మనిషి, ఎవరి ముందూ ఏడవనిది, డీలియా భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చింది.

శవపేటిక వీధి దాటుతున్నప్పుడు అందరూ టోపీలు తీసి, కదలకుండా నిలబడ్డారు. డీలియా మాత్రం నుదుటి మీద శిలువ గుర్తు వేసుకుని, బండి పోయే వైపు తిరిగి మూడడుగులు వేసి ఆగింది. మరునాడు ట్రెవర్ రొట్టె తింటూ అడిగాడు.

"ఆంటీ, మా నాన్నతో ఎందుకు నడిచావు?"

"పోయేవాళ్ళకి ఒంటరిగా పోతున్నామని అనిపించకూడదు నాన్నా. అందుకని మా ఊళ్ళో ఎవరి శవం ఎదురొచ్చినా మూడడుగులు తోడు నడుస్తాం."

"మూడే ఎందుకు? చాలవు కదా?"

"ఆ పైన దేవుడు నడుస్తాడు."

ఆ తర్వాత కొన్నాళ్ళు వాడు బడి సంచీ ఈడ్చుకుంటూ, కనపడిన ప్రతి శవం బండి వెనకాలా గట్టిగా లెక్కపెట్టుకుంటూ మూడడుగులు వేసేవాడు. హిల్డా సిగ్గుపడి చచ్చేది, నవ్వేది కూడా.

ఆ ట్రెవరే ఇప్పుడు పోయాడు. ఇరవై ఏళ్ళు. స్నేహితుడి పుట్టినరోజని పబ్బుకి వెళ్ళాడు.

బాంబులు పేలిన మర్నాడు, శుక్రవారం పొద్దున, కబురు తెలియగానే డీలియా ఏప్రన్‌తోనే గుమ్మం వైపు పరుగెత్తింది. మాటీ అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? హిల్డా దగ్గరికి."

"నీకు మతి పోయిందా? ఇప్పుడు ఆ ఇంట్లో నీ గొంతు వినిపించాలా? వాళ్ళ కొడుకుని చంపింది నీ యాస."

"నా యాసా? ఆ పిల్లాడికి అన్నం పెట్టిన చేతులివి మాటీ."

"నాకు తెలుసు, హిల్డాకి తెలుసు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడే హిల్డా వాళ్ళన్నయ్య, ఆ లెన్, వాడికి తెలుసా? వీధికి తెలుసా? మనకో ఆడపిల్ల ఉంది, గుర్తుపెట్టుకో."

కిటికీలోంచి చూస్తే నిజమే. వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చిన లెన్, తలుపంత మనిషి, గుమ్మంలో సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తూ నిలబడ్డాడు. డీలియా కుర్చీలో కూలబడింది. గోడ అవతల హిల్డా ఉందని తెలుసు. అనాల్సిన మాటా తెలుసు.

సోమవారం పనికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా తాళాల ఫ్యాక్టరీలో టీ బండి తోసేది ఆమే. బండి చక్రం కిర్రుమనగానే రాన్ అనే అతను లేత్ దగ్గర్నుంచి కేకేసేవాడు: "వచ్చిందిరా మర్ఫీ! ఇవాళ టీలో బంగాళాదుంపలు ఎన్ని వేశావు తల్లీ?" ఆమె పేరు మర్ఫీ కాదు; ఐరిష్ వాళ్ళందర్నీ అలా పిలిచి, బంగాళాదుంపలు తప్ప తినరని వెక్కిరించడం అక్కడి అలవాటు. పదకొండేళ్ళు ఆ హాస్యానికి నవ్వి, "నీ మొహానికి రెండు చాల్లే" అనేది. ఆ సోమవారం చక్రం కిర్రుమంటే ఎవరూ కేకెయ్యలేదు. కప్పులు నింపి బల్లల మీద పెడుతూ పోయింది. తిరిగి వచ్చేసరికి కప్పులన్నీ నిండుగా, చల్లారిపోయి అలాగే ఉన్నాయి. ఒక్క రాన్ మాత్రం తన కప్పు తీసుకున్నాడు. డీలియా ప్రాణం లేచి వచ్చింది. అతను దాన్ని ఆమె బండి చక్రాల ముందు నేల మీద మెల్లగా పారబోసి, ఖాళీ కప్పు తిరిగి బండిలో పెట్టాడు.

"మీ వాళ్ళ చేతి వంట ఇక చాలు," అన్నాడు.

ఫోర్‌మన్ మంచివాడే. బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ మొహం చూడకుండా మాట్లాడాడు. "నీ మీద నాకేం లేదు డీలియా. కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. వేడి తగ్గనీ." ఎన్నాళ్ళో చెప్పలేదు. నాకు ఒళ్ళు మండేది ఇలాంటి మంచివాళ్ళని చూస్తేనే.

అలా పదకొండు రోజులు గడిచాయి. గోడ మీద దెబ్బలు వినిపించలేదు. డీలియా పొయ్యి దగ్గర నిలబడి చెవులు రిక్కించేది. అటు వైపు కుళాయి తిప్పిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఒకసారి ఎవరో వెక్కిళ్ళు పెట్టిన చప్పుడు వినిపించేవి. బొగ్గుల పార తీసుకుని తనే కొడదామని మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ దాన్ని మళ్ళీ మూలకి ఆనించి వచ్చింది.

ఇక ఆ రోజు. చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే అక్కడ పావుగంట పని కూడా లేదు. సబ్బు బిళ్ళలు తిరగేసి చూసింది, బయట గోడకి ఆనుకుని నిలబడింది, పన్నెండు కొట్టేదాకా కాలయాపన చేసింది. కార్మెల్‌కి అబద్ధం చెప్పాలనుకోలేదు. వీధి మలుపులో, జనం వెనకాల నిలబడి, వాడు పోతుంటే ఒక్కసారి చూస్తే చాలనుకుంది. తలకి కట్టుకున్న రుమాలు నుదుటిదాకా లాక్కుంది.

వీధి వీధంతా రెండు పక్కలా బారు తీరి ఉంది. నల్ల బండి మనిషి నడిచే వేగంతో మలుపు తిరిగింది. గాజులోంచి పేటిక కనపడింది, దాని మీద ఫుట్‌బాల్ జట్టు నీలం మఫ్లరు. ఆ మఫ్లరుకి కొస దగ్గర ఊడిన ముడి కుట్టింది డీలియానే. మగవాళ్ళు టోపీలు తీశారు. దగ్గు కూడా వినిపించలేదు.

ఆమె ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే ఆగేది. పదకొండు రోజులు నోటిని కాపలా కాసిందిగానీ కాళ్ళ సంగతి మరిచిపోయింది. చెయ్యి నుదుటికి వెళ్ళింది, గుండెకి దిగింది, భుజాలు తాకింది. ఒళ్ళు బండి పోయే వైపు తిరిగింది. ఒకటి. జనంలోంచి బయటికి వచ్చేసింది. రెండు. మూడు. ఆగింది.

రాళ్ళలా నిలబడ్డ అంతమందిలో కదిలిన మనిషి ఆమె ఒక్కతే.

"ఎవరది?" అని ఒక గొంతు అడిగింది.

"ఐరిష్‌ది. చూడు, ఆ గుర్తు వేసుకోవడం చూడు."

"సిగ్గు లేదూ? చంపి, ఊరేగింపుకి కూడా వచ్చారా?"

వెనకనుంచి ఎవరో భుజం మీద తోశారు. సంచీ జారి పాలసీసా పగిలింది. పాలు రోడ్డు మీద పారుతుంటే రెండో కారు వచ్చింది. ముందు సీటులో లెన్, వెనక హిల్డా. హిల్డా మొహం గాజుకి దగ్గరగా ఉంది. ఆమె చూస్తున్నది డీలియా మొహాన్ని కాదు, కాళ్ళని. కారు ఆగలేదు. చక్రాలు పాల మీదుగా వెళ్ళిపోయాయి.

మర్నాటికి డీలియా వాళ్ళ తలుపు మీద కూడా తెల్ల రంగు పడింది. మాటీ టర్పెంటైన్‌తో పొద్దంతా రుద్దాడు. కార్మెల్ మాత్రం ఊరుకోలేదు.

"ఒక్క పని చెప్పాను. ఒకే ఒక్క పని. లోపలుండమన్నాను. ఇప్పుడు ఆఫీసులో నా మొహం చూసి మాట్లాడటం మానేశారు, తెలుసా నీకు? నేనిక్కడే పుట్టానమ్మా! నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ."

"మరి నువ్వెందుకు నడిచావు?"

"వాడు ఒక్కడే పోతున్నాడు."

కార్మెల్ ఇంకేదో అనబోయి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. వాడు ఆమెకి సైకిలు నేర్పినవాడు కదా. ఆ పన్నెండు రోజుల్లో ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున, మాటీ చర్చికి వెళ్ళాక, గోడ మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి.

డీలియా చేతిలో గిన్నె అలాగే పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. గోడ అవతల హిల్డా నిలబడి ఉంది. పదహారు రోజుల్లో పదహారేళ్ళు మీద పడినట్టుంది. చేతిలో బొగ్గుల పార.

"నడిచావు," అంది హిల్డా.

డీలియా తలూపింది.

"లెక్కపెట్టాను. మూడే. వాడుంటే గట్టిగా లెక్కపెట్టేవాడు."

డీలియా మళ్ళీ తలూపింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నువ్వు వస్తావని చూశాను డీలియా. రోజూ చూశాను. వీళ్ళంతా ఉన్నారు, నిజమే. అయినా చూశాను." హిల్డా పార కొసతో గోడ మీది నాచు గీకింది. "మా ఆయన పోయినప్పుడు నువ్వొక మాట అన్నావు. మీ వాళ్ళు అంటారే, అదేదో మాట. నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఇన్ని కార్డులొచ్చాయి, ఇన్ని పూలొచ్చాయి. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు."

ఆమె నిలబడి ఎదురు చూసింది.

డీలియా నోరు తెరిచింది. మాట నాలుక మీదికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే హిల్డా వెనక వంటింటి కిటికీ కిర్రున లేచింది. లెన్ సిగరెట్ బూడిద దులపడానికి చెయ్యి బయటపెట్టాడు. "ఎవరితో హిల్డా?" అని అడిగాడు. పైన రెండిళ్ళ అవతల ఇంకో కిటికీ కూడా తెరిచే ఉంది. చలికాలపు పొద్దు, గాలి లేదు, చిన్న మాటైనా నాలుగు పెరళ్ళకి వినపడుతుంది.

డీలియా తెరిచిన నోరు మూసుకుంది. చెయ్యి గొంతు దగ్గరికి పోయింది, మాంసం కొట్టులో పోయినట్టే. తలూపింది.

హిల్డా ఆ చేతిని చూసింది.

"సరేలే," అంది. పార గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

డీలియా వంటింట్లోకి వచ్చింది. తలుపు గడియ పెట్టింది, కిటికీ బిగించింది. తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు గిన్నె మీద పడి పెద్దగా చప్పుడు చేస్తుంటే, ఎవరికీ వినపడదని రూఢి చేసుకున్నాక, అంది.

"నీ కష్టానికి నాకూ కష్టంగా ఉంది."